చక్రాల మీద చాళ్

వర్లీ బీడీడీ చాళ్లలో బతికిన వాళ్ళకు 160 చదరపు అడుగులంటే ఎంతో టేపు పెట్టి చూపనక్కర లేదు. ఒక మూల మోరి, ఇంకో మూల గ్యాసు పొయ్యి, గోడకు ఆనించిన ఇనుప మంచం, పైన అటక. అంతే. ఆ ఖోలీలో మా బాపు, అమ్మ, మేం నలుగురు పిల్లలం, సిరిసిల్ల నుంచి మిల్లు పని వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు మేనమామలు, మొత్తం ఎనిమిది మందిమి బతికాం. పాళీల పని కాబట్టి సరిపోయింది. రాత్రి పాళీ మామ ఇంటికి వచ్చేసరికి పగటి పాళీ మామ లేచి పోయేవాడు. చాప ఇంకా వెచ్చగానే ఉండేది.

అందుకే 2022 నవంబరులో అమెరికాలో మా చిన్నోడి ఇంటికి చేరిన రాత్రి నేను మొట్టమొదట చేసిన పని ఆ ఇంటిని అడుగులతో కొలవడం. పొడవు 24, వెడల్పు 8. అంటే 192. "మన ఖోలీ కంటే 32 అడుగులు ఎక్కువే" అని మా ఇంటామెకు చెప్పాను. ఆమె ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. "దీని కిందికి వంగి సూసినవా? చక్రాలున్నయి" అంది.

ఉన్నాయి మరి. దాన్ని ట్రైలర్ అంటారు. బండి వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు. బస్సులా తనంతట తాను నడిచేవి కూడా ఉంటాయి. అన్నిటినీ కలిపి ఆర్‌వీలు అంటారు. లోపలే పొయ్యి, ఫ్రిజ్, పక్క, సండాసు, స్నానం. మావాడు కరెంటు పని ఇంజినీరు. కాలిఫోర్నియాలో బ్లైత్ అనే ఊరి చుట్టూ ఎడారిలో పెద్ద పెద్ద సోలార్ ప్లాంట్లు ఉన్నాయి, ఇంకా కడుతున్నారు. ఒక ప్లాంటు అయ్యేదాకా ఒక చోట, తర్వాత ఇంకో చోట. అలా పని వెంట తిరిగేవాళ్ళలో చాలామంది ఇల్లు బాడుగకు తీసుకోరు, పాత ట్రైలర్ ఒకటి కొనుక్కుని పని ఉన్న దిక్కుకు లాక్కుపోతారు. మావాడూ అదే చేశాడు. మాకు మాత్రం ఫోన్లో "చిన్న ఇల్లు తీసుకున్న బాపూ" అని చెప్పాడు. అబద్ధం చెప్పలేదు, చిన్నదే.

బండి నిలిపింది అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ అనే ఊళ్ళో, ఒక ఆర్‌వీ పార్కులో. ఫీనిక్స్ నుంచి పడమరకు రెండు గంటల దారి. అక్కడి నుంచి బ్లైత్ ఇరవై మైళ్ళు, మధ్యలో కొలరాడో నది. నది దాటితే రాష్ట్రమూ మారుతుంది, గడియారమూ మారుతుంది. చలికాలంలో అరిజోనాలో ఎనిమిదైతే కాలిఫోర్నియాలో ఏడే. మావాడు ఏడింటికి ఇంట్లో బయల్దేరి ఆరూ నలభైకి పనికి చేరేవాడు. మిల్లుకూ మా చాళ్‌కూ మధ్య అలాంటి నది ఒకటి ఉంటే నేను భోంగా మోగాక పరుగెత్తే పని ఉండకపోను.

ఇప్పుడు అసలు సంగతి. నేను అమెరికా పోయింది కొడుకును చూడడానికే అని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మా బిల్డింగులో 80 ఖోలీలు. కొత్త ఇళ్ళ ఒప్పందం మీద 70 మందికి పైగా సంతకాలు పెట్టారు. పెట్టనివాళ్ళలో నేనొకణ్ణి. 160 అడుగుల ఖోలీ ఖాళీ చేస్తే అక్కడే 500 అడుగుల ఫ్లాటు ఇస్తారు, లోపలే సండాసు, పైకి లిఫ్టు. మా గోడలేమో 1920లలో కట్టినవి, వానాకాలం వస్తే పైకప్పు పెచ్చులు అన్నంలో పడతాయి. ఎవడు వద్దంటాడు? నేనన్నాను.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు నేను బదిలీ కార్మికుణ్ణి, నాకు ఇరవై ఒకటి. రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చాం. ఆ తర్వాతి కథ మన పత్రిక చదివే ఇళ్ళన్నిటికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. భివండిలో కొన్నాళ్ళు సాంచాలు నడిపాను, మిల్లు తెరిచాక మళ్ళీ పోయాను, అది పూర్తిగా మూతపడేదాకా ఉన్నాను. చివరికి అదే నేల మీద లేచిన టవరుకు పదకొండేళ్ళు వాచ్‌మన్‌గా చేశాను. నేను నాలుగు సాంచాలు నడిపిన జాగాలో కార్లు నిలబెట్టించాను.

ఆ టవర్లో 19వ అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన చనిపోతే మూడు రోజులు ఎవరికీ తెలియలేదు. వాసన వచ్చాక తెలిసింది. వచ్చిన పోలీసు నన్నే అడిగాడు, "గేటు దగ్గర కూర్చుంటావు, మూడు రోజులు ఆయన కిందికి దిగలేదని నీకు అనుమానం రాలేదా?" అని. వచ్చింది. రెండో రోజే వచ్చింది. కానీ పిలవకుండా ఎవరి తలుపూ తట్టకూడదన్నది వాచ్‌మన్‌కు నేర్పే మొదటి పాఠం. ఎదురు ఫ్లాటు వాళ్ళకు ఆయన పేరు కూడా సరిగ్గా తెలియదు. ఆ రోజు నుంచి టవరంటే నాకు ఆ తలుపే కనబడుతుంది. ఈ మాట మా ఇంటామెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సంతకం ఎందుకు పెట్టవని అడిగితే కాగితాలు సరిగ్గా లేవనీ, మెయింటెనెన్సు ఎవరు కడతారనీ అనేవాణ్ణి. (మెయింటెనెన్సు సంగతి ఉత్తది కాదు. ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంది.) వీసా రాగానే బయల్దేరాను. ఆరు నెలలు ఎవరికీ దొరకను కదా అని.

అలా దొరకకుండా పోయి చేరింది ఎడారిలోకి. చుట్టూ గులకరాళ్ళ నేల, దూరంగా బోడి కొండలు, అక్కడక్కడా చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి పెద్ద జెముడు చెట్లు. పగలు హాయిగా ఎండ, రాత్రి పళ్ళు కొట్టుకునే చలి. పార్కంటే పూలతోట అనుకునేరు. మట్టి నేలను గీతలు గీసి పంచిపెట్టారు. ఒక్కో జాగాకు ఒక నంబరు, ఒక నల్లా, ఒక కరెంటు పెట్టె, మురుగు పోవడానికి నేలలో ఒక గొట్టం. బండిని తెచ్చి వాటికి తగిలిస్తే ఇల్లు, విప్పితే మళ్ళీ బండి.

బండి అడుగున రెండు ట్యాంకులుంటాయి. స్నానం, గిన్నెల నీళ్ళకు ఒకటి, సండాసుకు ఒకటి. సండాసు ట్యాంకు మీట ఎప్పుడూ తెరిచి పెట్టకూడదు. తెరిచి పెడితే నీళ్ళు పోయి అసలుది లోపలే గట్టిపడుతుంది. నిండేదాకా ఆగి ఒకేసారి వదలాలి. ముందు అది, తర్వాత సబ్బు నీళ్ళ ట్యాంకు, అప్పుడు గొట్టం కడిగినట్టవుతుంది. ఈ శాస్త్రమంతా మావాడు చేతి తొడుగులిచ్చి నేర్పాడు. చాళ్లో అంతస్తుకంతా కలిపి ఉన్న సండాసుల ముందు బకెట్ పట్టుకుని అరవై ఏళ్ళు వరుసలో నిలబడ్డవాణ్ణి. ఇంట్లోనే సండాసు దొరికిందని సంతోషపడేలోపే దాన్ని ఖాళీ చేసే ఉద్యోగం కూడా నాకే వచ్చింది.

డిసెంబరులో ఒక రోజు పార్కు ఆఫీసు వాళ్ళు కాగితం అంటించారు. రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి పడుతుంది, నల్లా గొట్టం విప్పి నీళ్ళు కారనిచ్చి పెట్టుకోండి అని. కూడబలుక్కుంటే నాకు ఇంగ్లీషు చదవడం వస్తుంది, కానీ ఆ రోజు చదవలేదు. తెల్లారేసరికి గొట్టం కర్రలా బిగుసుకుపోయింది. ఎండ తగిలి మంచు కరగ్గానే పగుళ్ళలోంచి నీళ్ళు చిమ్మి పక్కాయన జాగా దాకా పారాయి. చాళ్లో నీళ్ళు వృథా చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, మూడు తరాలను తవ్వి తిడతారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. పక్కాయన తన పాత గొట్టం ఒకటి, స్పానర్ ఒకటి పట్టుకుని వచ్చి పది నిమిషాల్లో బిగించి, నా భుజం తట్టాడు. "థాంక్యూ సార్" అంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. సార్ వద్దట.

ఆయనది మిన్నెసోటా. పేపరు మిల్లులో 34 ఏళ్ళు ఫిట్టరు. ఎడమ చేతి చూపుడు వేలి కొస లేదు, రోలరులో పోయిందని చేత్తోనే చెప్పాడు. నాటె ఎగిరి తగిలి నా కనుబొమ్మ మీద పడ్డ మచ్చ చూపించాను నేను. ఆ తర్వాత మా ఇద్దరికీ భాషతో పెద్దగా పని పడలేదు.

ఆ పార్కులో ఎవరికీ ఇంటిపేర్లు అక్కర్లేదు. మన చాళ్లో సిరిసిల్లోళ్ళు, జగిత్యాలోళ్ళు, రత్నగిరోళ్ళు అన్నట్టే అక్కడ మిన్నెసోటా, మోంటానా, ఆల్బర్టా. ఉత్తరాన మంచు పడగానే దిగి వస్తారు, ఏప్రిల్ వచ్చేసరికి వెళ్ళిపోతారు. ఎండాకాలం అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఊళ్ళో మిగిలేది రెండున్నర వేల మంది. చలికాలంలో వచ్చిపోయేవాళ్ళు మాత్రం లక్షల్లో ఉంటారంటారు. జనవరిలో పెద్ద డేరా వేసి తొమ్మిది రోజులు ఆర్‌వీల సంత కూడా చేస్తారు. రాళ్ళ దుకాణాలకైతే లెక్క లేదు. డబ్బులిచ్చి రాళ్ళు కొనుక్కోవడం చూసి మా ఇంటామె నోరు తెరిచింది. మర్నాడు మా బండి మెట్టు దగ్గర రాళ్ళేరి కుప్ప పెట్టింది, అమ్ముదామని.

అంతకు ముందు వారం పాటు ఆమె మాట్లాడలేదు. ఆ మౌనం లాండ్రీ గదిలో విడిచింది. మొదట బట్టలు చేత్తో ఉతికి తాడు కట్టి ఆరేసింది. తాడు కట్టకూడదని ఆఫీసామె వచ్చి మర్యాదగానే చెప్పింది. ఇక చిల్లర నాణేలు వేస్తే తిరిగే మిషన్ల గదికి పోవాల్సి వచ్చింది. అక్కడ కెనడా నుంచి వచ్చిన ఒకామె నాణెం ఎలా వేయాలో చూపించింది. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మోకాళ్ళ గురించి" అంది. మా చాళ్లో నల్లా దగ్గర జరిగేదంతా అక్కడ ఆ గదిలో జరుగుతుంది, నీళ్ళ కోసం కొట్లాట ఒక్కటే తక్కువ.

శనివారం సాయంత్రం అందరూ ఏదో ఒకటి వండి క్లబ్బు గదికి తెచ్చుకుని పంచుకు తింటారు. మా ఇంటామె సర్వపిండి చేసింది. మధ్యలో చిల్లులెందుకని అడిగారు. నూనె దిగడానికని చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేక వేలు పెట్టి చూపించాను. కారానికి కళ్ళు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేశారు.

ఆ ఊరి శ్మశానంలో రాళ్ళతో పిరమిడ్‌లా కట్టిన ఒక గుర్తు ఉంది, కొసన ఒంటె బొమ్మ. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయడానికి ఒంటెలను తెప్పించుకుందట. వాటిని తోలడానికి తుర్కీ సుల్తాను రాజ్యం నుంచి వచ్చినవాళ్ళలో హాజీ అలీ ఒకడు. పిలవడం రాక జనం 'హాయ్ జాలీ' చేశారు. ఒంటెలతో పని అయిపోయింది, ఆయన అక్కడే ఉండిపోయాడు, 1902లో చనిపోయాడు. హాజీ అలీ పేరు వినగానే మా ఇంటామె చెప్పులు విప్పి దండం పెట్టింది. వర్లీ వాళ్ళకు హాజీ అలీ దర్గా పొరుగిల్లే కదా. "ఆయన వేరే, ఈయన వేరే" అన్నాను. "ఏదైతేంది" అంది. పని పోయాక ఊరు కాని ఊళ్ళో మిగిలిపోయిన మనిషి అని నేను కూడా పెట్టాను.

నెల గడిచాక పార్కులో రెండు రకాల మనుషులున్నారని అర్థమైంది. ఒకరు ఇల్లుండి చలికి దిగి వచ్చినవాళ్ళు. రెండో రకం వాళ్ళకు ఆ బండే ఇల్లు. పైకి చూస్తే తేడా తెలియదు. "ఎప్పుడు ఇంటికి పోతారు?" అని అడిగినప్పుడు తెలుస్తుంది. మొదటి రకం తారీఖు చెబుతారు. రెండో రకం నవ్వుతారు.

మా వెనక వరుసలో అలా నవ్వే ఆమె ఒకరుండేవారు. 71 ఏళ్ళు. ఆరెగాన్ నుంచి వచ్చింది కాబట్టి మా ఇంటామెకు ఆరెగాన్ అక్క. 2008లో అక్కడ ఇళ్ళ అప్పులు మునిగినప్పుడు వాళ్ళ ఇల్లూ పోయింది. భార్యాభర్తలు ఉన్నదంతా పెట్టి బండి కొన్నారు. శరత్కాలంలో ఉత్తరాన చక్కెర బీట్ పంట కోతకు వచ్చే వేళ గుట్టలు పోసే దగ్గర పన్నెండు గంటల పాళీ, చలికాలం ఈ ఎడారి. ఊరి బయట ప్రభుత్వ నేల మీద సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండడానికి ఆ రోజుల్లో 180 డాలర్లు కడితే చాలు. బండి దగ్గరికి నల్లా రాదు, కరెంటు రాదు, కానీ ఏడు నెలలకూ అంతే. చాలా ఏళ్ళు అక్కడే గడిపారు. 2017లో భర్త పోయాడు. మోకాళ్ళు నీళ్ళ డబ్బాలు మోయనివ్వక ఆమె ఈ ఏడు పార్కులోకి మారింది. పన్నెండు గంటల పాళీ అనగానే నేను ఆమె ముఖం చూశాను. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, చలిలో, నిలబడి.

వాచ్‌మన్ అలవాటు ఊరికే పోదు. నాకు తెల్లవారుజామున మెలకువ వస్తే పార్కు చుట్టూ ఒక రౌండు వేసేవాణ్ణి. ఆరెగాన్ అక్క ఆరింటికల్లా కిటికీ తెర పైకి చుట్టి, తేనెపిట్టల కోసం చక్కెర నీళ్ళ ఎర్ర సీసా బయట కొక్కేనికి తగిలించేది. జనవరి చివర్లో ఒక పొద్దున తెర లేవలేదు. ఏడైంది. ఇంకో రౌండు కొట్టి వచ్చాను. ఏడున్నర. సీసా లేదు. రెండు పిట్టలు ఖాళీ కొక్కెం చుట్టూ తిరుగుతున్నాయి.

పరాయి దేశం, లోపల ఒంటరి ఆడమనిషి. నేను తలుపు కొడితే ఎవరైనా చూసి ఏమనుకుంటారో. మెట్టు ముందు నిలబడ్డాను, చెయ్యి పైకి లేవలేదు. 19వ అంతస్తులో నిలబడ్డట్టే ఉంది. అప్పుడు పరుగెత్తి మా ఇంటామెను లేపాను. ఆమెకు వాచ్‌మన్ పాఠాలేవీ తెలియవు. రెండు చేతులతో తలుపు బాదుతూ "అక్కా, ఓ అక్కా!" అని తెలుగులోనే అరిచింది. లోపల నుంచి గిన్నె మీద చెంచాతో కొట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది.

మిన్నెసోటా ఆయన వచ్చి తాళం ఊడదీశాడు. పక్కకూ పొయ్యికీ మధ్య ఆ సందులో పడి ఉంది. రాత్రి షుగర్ పడిపోయి కళ్ళు తిరిగాయట, తుంటి ఎముక దెబ్బ తింది, లేవలేకపోయింది. ఆ సందు మా బండిలోనూ అంతే ఉంటుంది, అడుగున్నర. అంబులెన్సు వచ్చి 35 మైళ్ళ అవతలి పార్కర్‌కు, అక్కడి నుంచి ఫీనిక్స్‌కు తీసుకుపోయారు.

ఆ సాయంత్రం క్లబ్బు గది తలుపు మీద ఒక కాగితం వెలిసింది. ఒంటరిగా ఉండేవాళ్ళ జాగా నంబర్లు ఒక వైపు, పొద్దున వాళ్ళ తెర చూడాల్సిన వాళ్ళ నంబర్లు ఇంకో వైపు. మూడింటి ఎదురుగా మా నంబరు రాశారు. వాళ్ళెవరూ నాలుగు నెలలకు మించి ఒకరికొకరు ఇరుగుపొరుగు కారు. గోడలు లేవు, తాతల నాటి స్నేహాలు లేవు, ఒక భాష కూడా లేదు. నేను ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఫిబ్రవరి చివర్లో అక్క చేతికర్ర బండితో తిరిగి వచ్చింది. ఆసుపత్రిలో పంపేముందు అడ్రసు అడిగారట. ఆమె లైసెన్సు మీద ఉన్నది సౌత్ డకోటా అడ్రసు. అది ఇల్లు కాదు, ఉత్తరాలు అందుకుని ముందుకు పంపే ఆఫీసులో ఒక పెట్టె. ఒక్క రాత్రి ఆ రాష్ట్రంలో పడుకున్నట్టు రసీదు ఉంటే చాలట, ఇలా తిరిగేవాళ్ళు చాలామంది దాన్నే పట్టుకుంటారు. "ఇంటికి మెట్లెన్ని? ఇంట్లో ఎవరున్నారు?" అని నర్సు అడిగితే, "మూడు మెట్లు, చుట్టూ నూటయాభై మంది" అన్నదట. మావాడు తెలుగులో చెప్పగానే మేం ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఏప్రిల్ దాకా" అంది. ఏప్రిల్ తర్వాత ఆ నూటయాభై మందిలో ఎవరూ ఉండరు. కూతురి ఇంటి ముందు బండి నిలపడానికి ఆ ఊరి రూలు ఒప్పుకోదు.

ఆ వారంలోనే మా చాళ్ కమిటీ తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ పగలు, ఇక్కడ అర్ధరాత్రి. "అన్నా, ఇగ మూడు ఖోలీలే మిగిలినయి. నీ ఒక్కని కోసం పెచ్చులు మీద పడే ఇంట్ల 77 మంది కూసోవాల్నా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అతను చెప్పింది నిజం. వేలిముద్ర నేనే పోయి పెట్టాలి.

బయట నిప్పు వేసుకుని కూర్చున్నాం. మావాడు అడిగాడు, "బాపూ, అసలు నీకేం భయం?" అప్పుడు చెప్పాను, 19వ అంతస్తు తలుపు సంగతి. రెండో రోజే నాకు అనుమానం వచ్చిన సంగతి కూడా. వాడు చాలాసేపు కట్టెతో బూడిద కెలికాడు. "నేను ఏడాది సంది ఈ బండిల ఒక్కన్నే ఉన్న. నా తెర ఎవలు సూస్తరు బాపూ?" అన్నాడు.

మా ఇంటామె లేచి లోపలికి పోయింది. గిన్నెలు కడిగే చప్పుడు వినబడింది, ఆ గిన్నెలు అప్పటికే కడిగి ఉన్నాయి. ఆమె ఇంతవరకు వాడి దగ్గర ఎత్తిందంతా పెళ్ళి మాటే, పిల్ల ఫోటోలే. ఆ రాత్రి ఎత్తలేదు. మర్నాడు నేను మిన్నెసోటా ఆయన్ని తీసుకుపోయి ఆ కాగితం మీద మావాడి నంబరు కూడా రాయించాను. ముప్ఫై ఏళ్ళ వాడికెందుకని ఆయన అడగలేదు.

మార్చి చివర్లో మేం బయల్దేరేనాటికి సగం జాగాలు ఖాళీ. రోజుకో బండి గొట్టాలు విప్పుకుని పోతోంది, పోయిన చోట చదును చేసిన మట్టి, ఒక నంబరు. ఆరెగాన్ అక్కకు కూతురి ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో ఒక పార్కు దొరికింది, ఏడాది పొడుగునా ఉండనిస్తారట. పోయేముందు ఎర్ర సీసా మా ఇంటామె చేతిలో పెట్టింది. విమానంలో అది పగులుతుందని మా ఇంటామె దారంతా ఒళ్ళో పెట్టుకుంది.

ఏప్రిల్‌లో సంతకం పెట్టాను. ఖోలీ ఖాళీ చేసిన రోజు గురించి ఇక్కడ రాయను, ఖాళీ చేసిన వాళ్ళకు తెలుసు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. మాది అందులో లేదు. ఇంకా ఎదురుచూస్తూ ప్రభాదేవిలో బాడుగకు ఉన్నాం, మూడో అంతస్తు. కిటికీకి ఎర్ర సీసా వేలాడదీశాం. దానికి పిచ్చుకలు కూడా రావు, చీమలు వస్తాయి. మావాడు వేరే ప్లాంటుకు మారాడు. అక్కడి పార్కులో అలాంటి కాగితం లేదంటే, నువ్వే పెట్టరా అని వాళ్ళమ్మ పోరు పెడుతోంది. పొద్దున లేవగానే తెర ఎత్తి ఫోటో పంపుతాడు, అది మాకు రాత్రి.

మా పాత చాళ్‌లోని మరాఠీ ఆజీ ఒకరు ఇదే బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉంటున్నారు, ఒక్కతే. రోజూ పొద్దున ఏడింటికి పైకి పోయి తలుపు కొడతాను. "నేను చచ్చానో లేదో చూడ్డానికి వచ్చావా?" అని రోజూ తిడుతుంది. తిట్టి చాయ్ పెడుతుంది. చక్కెర ఎక్కువ వేస్తుంది.